ఎకరాల లెక్క, బిడ్డల లెక్క
(కృష్ణాతీర చరిత్ర – పదునాలుగవ భాగము)

"నారు పోసినవాడు నీరు పోయడా" అను సామెత తెలుగుదేశమంతటను వినబడునదే యైనను, కృష్ణా డెల్టాలో దానికి గల బరువు మరియొకచోట లేదు. ఏలయనగా నారు పోసి, కాలువలు వదలువరకు ఆకాశమువైపు గాక బెజవాడ ఆనకట్టవైపు చూచుచు కూర్చుండుట ఈ సీమ రైతునకు తాతలనాటి అలవాటు. అయినను మా నాయనమ్మ ఆ సామెతను పొలము విషయమున ఎన్నడును వాడి యెరుగదు. ఆమె వాడునది కాన్పుల విషయమున. పండ్రెండు కాన్పులు, మిగిలినవారు ఐదుగురు. "ఇంతమందిని ఎట్లా పెంచావే?" అని మేమడిగినచో, తమలపాకుకు సున్నము రాయుచు, తల యెత్తకుండ, "నేనేం పెంచాను, నారు పోసినోడు నీరు పోయడా?" అనెడిది. పోయిన ఏడుగురు ఆ సామెతలో ఎక్కడ ఇమిడిరో ఆమెయు చెప్పలేదు, మేమును అడుగలేదు.

గడచిన భాగములలో ఆనకట్ట నిర్మాణమును, కాలువల త్రవ్వకమును చెప్పుకొంటిమి. 1855 లో ఆనకట్ట పూర్తియై నీరు తూర్పునకును పడమటికిని పారినప్పుడు పంటతోపాటు సంతానమునకు గల వెల కూడ మారుటకు మొదలిడెను. అంతకు పూర్వము ఈ సీమలో బిడ్డలను లెక్క చూచుకొని కనుట అను ఆలోచనయే పొసగదు. నందన నామ సంవత్సరపు కరువు, అనగా 1832–33 నాటి గుంటూరు కరువు, ఊళ్లకు ఊళ్లను తుడిచిపెట్టెను; ఆనకట్ట వచ్చిన తొమ్మిదేండ్లకే, 1864 నవంబరు 1వ తేదీ రాత్రి, బందరును ముంచిన ఉప్పెనలో సుమారు 30 వేలమంది మరణించిరి; ఇవి చాలవన్నట్లు మశూచి, కలరా, పురిటి ధనుర్వాతము ఏటేట పిలువని చుట్టములై వచ్చుచుండెను. అట్టి చోట "పుత్రపౌత్రాభివృద్ధిరస్తు" అను దీవెన మర్యాదకు పలికిన మాట కాదు, పదిమందిని కన్నగాని ఇద్దరు దక్కని యింటికి అది కావలసిన వస్తువు. "ఒక కన్ను కన్నూ కాదు, ఒక బిడ్డ బిడ్డా కాదు" అన్న మాటయు అట్టి యింటి మాటయే.

నీరు వచ్చెను, కరువు పోయెను, టీకాలు వచ్చెను. పుట్టినవారు బ్రతికిరి, బ్రతికినవారు పెరిగిరి, పెరిగినవారు పంపకములడిగిరి. అసలు కథ ఇక్కడ మొదలు. ఇరువది యెకరముల మాగాణి గల రైతునకు నలుగురు కొడుకులున్నచో తలకు ఐదెకరములు వచ్చును. ఆ నలుగురిలో ఒకనికి మరల నలుగురు పుట్టినచో, మనుమని వాటా ఎకరము ఇరువదియైదు సెంట్లు. కూతుళ్లుండిరా, పసుపు కుంకుమల క్రింద ఒకటి రెండెకరములో, అవి అమ్మగా వచ్చిన కట్నమో, మొదటనే తరుగును. 1986 నాటి రాష్ట్ర చట్టము పిత్రార్జితమున ఆడబిడ్డలకును సమభాగము చెప్పిన తరువాత ఈ లెక్క మరింత బిగిసెను. ఈ భాగహారమును ఏ వైద్యాధికారియు వచ్చి నేర్పలేదు. గట్టుమీద నిలుచుండి, తన తండ్రి దున్నిన మాగాణిలో తనకు వచ్చిన నాలుగు మడులను చూచుకొన్న ప్రతివాడును దానిని తానే చేసికొనెను. డెల్టాలో కుటుంబ నియంత్రణకు మొదటి ప్రచారకుడు గట్టు అని నా అభిప్రాయము. ప్రభుత్వము ఆ వెనుక జీపులో వచ్చినది.

అయితే లెక్క తెలిసినంతమాత్రమున ఉపాయము తెలియవలెనుగదా! ఇల్లాండ్రకు తెలిసిన ఉపాయములు స్వల్పములు: బిడ్డకు మూడేండ్లు వచ్చువరకు పాలిచ్చుట, పుట్టింట నెలలకొలది ఉండిపోవుట, వ్రతములపేర పడకలు వేరు చేయుట. ఇవి తప్పినచో మంత్రసాని చాటుగా ఇచ్చు మందు, ఆ మందుతో పోయిన ప్రాణములకు లెక్క లేదు, ఎవరును వ్రాయలేదు గనుక. అత్తయు కోడలును ఒకే యేడు పురిటి మంచమెక్కిన యిండ్లు ప్రతి యూరను ఉండెడివి; అన్నకొడుకుకంటె చిన్నవాడైన పినతండ్రి, వాడు విడిచిన లాగు తొడుగుకొని, వానితోనే బడికి పోయెడివాడు. అట్టి యత్తగారు పెద్దకోడలి యెదుట తల యెత్తలేక, ఐదవ నెల వచ్చువరకు కొంగు నిండుగ కప్పుకొని తిరుగుటను చెప్పుకొని మా తల్లి తరమువారు నవ్వెడివారు. నవ్వుటకు తగినది అందులో ఏమున్నదో నాకిప్పటికిని బోధపడదు.

విద్యావంతులలో వాదము వేరు త్రోవను నడచెను. బాల్యవివాహములను నిరోధించు శారదా చట్టము 1929 లో ఆమోదము పొంది మరుసటి యేప్రిలు నుండి అమలునకు వచ్చెను. ఆ దినములలోనే మదరాసు హైకోర్టు న్యాయమూర్తిగా నుండిన వేపా రామేశం పంతులుగారు, మన తెలుగువారు, సంతాన నియమనమును ప్రచారము చేయు సంఘమునకు మదరాసులో పెద్దదిక్కై నిలిచిరి. దేశమునందు ఇట్టి సంఘములలో అది తొలివానిలో నొకటి. కాని ఆ సంఘము మాట మైలాపూరు దాటి కంకిపాడు చేరుటకు చాల కాలము పట్టెను. కృష్ణా తీరము అప్పటికి గాంధీమయము. 1935 డిసెంబరులో అమెరికా నుండి మార్గరెట్ శాంగర్ వార్ధాకు వచ్చి మహాత్మునితో వాదించినప్పుడు, సంతానము వలదన్నచో బ్రహ్మచర్యమొక్కటే మార్గమనియు, యంత్రములును మందులును స్త్రీ పురుషులను చెడగొట్టుననియు ఆయన పట్టు విడువలేదు. స్త్రీ తన భర్తకు "వద్దు" అని చెప్పగలుగవలెనని ఆయన కోరెను. కోరిక గొప్పది, ఎటొచ్చియు ఆ మాట చెప్పవలసిన యిల్లాలు పదునాలుగేండ్లకు కాపురమునకు వచ్చినది, పగలు భర్త యెదుట కూర్చుండుటకైనను అనుమతి లేనిది.

మన బెజవాడలో ఈ మార్పును ఒకే యింట చూడవచ్చును. గోరాగారు, అనగా గోపరాజు రామచంద్రరావుగారు, 1940 లో ముదునూరున నాస్తిక కేంద్రమును స్థాపించి, 1947 లో దానిని విజయవాడ పటమటకు తరలించిరి. గ్రహణమునాడు గర్భిణీ స్త్రీ బయటకు రారాదను మూఢనమ్మకమును ధిక్కరించిన కుటుంబమది. సరస్వతీ గోరా, గోరా దంపతులకు సంతానము తొమ్మండుగురు. వారిలో నొకరైన డాక్టరు సమరంగారు పెరిగి వైద్యులై, సంతాన నిరోధమును గూర్చియు, దాంపత్యమును గూర్చియు "స్వాతి" పత్రిక ద్వారమున తెలుగింటింట నిస్సంకోచముగ చెప్పిన మనిషి. ఇది ఎత్తిపొడుపు కాదు. ఆ తరమున ఆస్తికునకైనను నాస్తికునకైనను సంతానము విషయమున ప్రకృతియే దైవము.

భారత ప్రభుత్వము 1952 లోనే కుటుంబ నియంత్రణను అధికార కార్యక్రమముగ చేపట్టినది. ప్రపంచమున ఇట్లు చేసిన మొదటి ప్రభుత్వమిది. తొలి పదేండ్లు కాగితముల మీద గడచెను. 1965 లో లూపు వచ్చెను. వేసినవారు మరల వచ్చి చూడకపోవుటచే, రక్తస్రావముతో బాధపడిన స్త్రీల మాట బావుల దగ్గర వ్యాపించి, దానికి చెడ్డపేరు త్వరలోనే వచ్చెను. 1967 లో కేంద్రమున ఈ శాఖకు మంత్రిగ వచ్చిన శ్రీపతి చంద్రశేఖర్‌గారు రాజమహేంద్రవరమున 1918 లో జన్మించినవారు, జనాభా శాస్త్రవేత్తగ దేశదేశముల తిరిగినవారు. ముగ్గురు గాని అంతకు మించి గాని బిడ్డలున్న తండ్రులకు శస్త్రచికిత్సను నిర్బంధము చేయవలెనని పలికి గగ్గోలు పుట్టించిరి. ఆపరేషన్ చేయించుకొన్నవారికి ట్రాన్సిస్టరు రేడియోలు ఇచ్చుట వారి పేరుతోడనే ప్రసిద్ధమయ్యెను. 1971 నాటి గర్భస్రావ చట్టమునకు బాట వేసినవారిలో కూడ వారొకరు. ఎర్ర త్రికోణము, క్రింద నవ్వుచున్న తలిదండ్రులు, ఇద్దరు పిల్లలు, "ఇద్దరు లేక ముగ్గురు చాలు" అను మాట: ఈ బొమ్మ బస్సు వెనుకను, పంచాయతీ గోడమీదను, అగ్గిపెట్టెమీదను వెలసెను. కొన్నేండ్లకు ఆ "లేక ముగ్గురు" జారిపోయి "మేమిద్దరం, మాకిద్దరు" మిగిలెను. 1968 లో నిరోధ్ కిళ్లీకొట్టుకు వచ్చెను. దానిని అడుగుటకు సిగ్గుపడి సోడా త్రాగి తిరిగివచ్చిన మగవారు ఎందరో!

అత్యయిక పరిస్థితి కాలమున జరిగినది తెలియనివారు లేరు. కాని అంకెలను మరల చూడవలసియున్నది. 1976–77 ఒక్క సంవత్సరమున దేశమున 82 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగెను, అంతకు ముందటి యేడు 26 లక్షలు. ఆంధ్రప్రదేశమునకు ఆ యేడు ఇచ్చిన లక్ష్యము 4 లక్షలు; జరిగినవి 7 లక్షల 40 వేల పైచిలుకు. ఇందులో ఇష్టమెంత, భయమెంత, బడిపంతులుకు "ఇద్దరిని తీసుకొనిరా" అని చెప్పిన పై యధికారి ఆగ్రహమెంత, వేరుచేయగల త్రాసు లేదు. వింత యేమనగా, ఉత్తరదేశమున నస్‌బందీ పేర పాలకులు మట్టి కరచిన 1977 మార్చి ఎన్నికలలో మన రాష్ట్రమున 42 స్థానములకు 41 కాంగ్రెసువే. ఇచ్చట బలాత్కారమే లేదని దీనివలన తేల్చువారున్నారు; నేను తేల్చను. చిన్న కుటుంబము కావలెనను కోరిక ఇచ్చట ముందే యుండుటచే, ప్రభుత్వపు త్రోపుడు త్రోపుడుగ కానరాలేదని మాత్రము అందును.

ఆ యేడే నవంబరు 19. దివిసీమ ఉప్పెన. నాగాయలంక, కోడూరు ప్రాంతములలో సముద్రము తాటిచెట్టుతో సరిగ లేచి వచ్చినదని బ్రతికినవారు చెప్పుదురు. పదివేలమందికి పైగా పోయిరి. సొర్లగొంది, పాలకాయతిప్ప వంటి రేవుపల్లెలలో పేరు పెట్టి పిలువ మనిషి లేని యిండ్లు మిగిలెను. నీటిముందు నిలువలేనివారు పసివారు. తాటిమొవ్వు పట్టుకొనుటకు చేతులలో సత్తువ గలవారు మిగిలిరి, చంకలోని బిడ్డ జారిపోయెను. వారిలో అంతకు ఏడాది, రెండేండ్ల ముందు, ఇద్దరు చాలునన్న మాట విని ఆపరేషన్ చేయించుకొన్న తలిదండ్రులుండిరి. కోసిన నాళమును మరల కలుపు శస్త్రచికిత్స కలదు, ఫలించుట మాత్రము దైవాధీనము. దానికై ఆసుపత్రి మెట్లెక్కినవారి గోడును విన్నవారెవరికైనను ఒక ప్రశ్న పుట్టవలెను. ఇద్దరు చాలునన్న లెక్క ఆ యిద్దరు బ్రతుకుదురను హామీమీద నిలిచియున్నది. ఆ హామీ ఇచ్చినవారెవరు? బెజవాడలో కూర్చున్నవారికి ఆసుపత్రి, టీకా, డాబా యిల్లు ఉన్నవి. సముద్రపుటొడ్డున తాటాకు పాకలో నున్నవానికి "ఒక బిడ్డ బిడ్డా కాదు" అన్న సామెత అప్పటికిని చావలేదు. ఉత్తరోత్తర తుపాను షెల్టర్లు కట్టిరి. కుటుంబ నియంత్రణ ఖర్చులో వానిని కూడ వ్రాయుట న్యాయమని నాకు తోచును.

అత్యయిక పరిస్థితి పోయిన వెనుక ఢిల్లీలో ఆ శాఖకు "కుటుంబ సంక్షేమము" అని పేరు మార్చిరి. పేరుతోపాటు కత్తి మొనయును మారెను. 1976–77 లో జరిగిన ఆపరేషన్లలో నాలుగింట మూడు వంతులు మగవారివి. తరువాత మగవాడు తప్పుకొనెను. "మడిలో దిగేవాణ్ని, కోత పెట్టించుకుంటే సత్తువ పోదూ?" అని వాని ప్రశ్న. వేసెక్టమీ పది నిమిషముల పని యనియు, కడుపు కోయనక్కర లేదనియు, సత్తువతో దానికి సంబంధము లేదనియు వైద్యులు గొంతు చించుకొన్నను ఆలకించినవాడు లేడు. నాట్లు వేయునది, కలుపు తీయునది, నడుము వంచి కోత కోయునది ఆడది; సత్తువ అవసరమా యని ఎవరును ఆమెనడుగలేదు.

1980ల నడుమ ఒక మార్చి మాసమున, ఒక ఉన్నత పాఠశాలలో జరిగిన డీపీఎల్ (లాపరోస్కోపుతో ఆడవారికి చేయు ఆపరేషన్) క్యాంపును నేను చూచితిని. ఆర్థిక సంవత్సరము ముగియవచ్చెను గనుక "టార్గెట్టు" పూర్తికావలెను. ఉదయము నుండి జీపు మూడుమార్లు తిరిగి పల్లెలనుండి స్త్రీలను తెచ్చెను. బల్లలను జేర్చి దుప్పటి పరచి దానినే ఆపరేషన్ బల్ల చేసిరి. ముంజేతికి అంటించిన ప్లాస్టరుమీద సిరాతో అంకె. అందరును పిన్నవారే, ఒకతె రవిక పాలతో తడిసియుండెను. నల్లబల్లమీద ఎవరో చెరపక విడిచిన త్రైరాశికపు లెక్క. బొడ్డు దిగువ గాటుపడి, ఐదారు నిమిషములలో బయటికి వచ్చినవారిని ఎనిమిదవ తరగతి గదిలో చాపలమీద వరుసగ పరుండబెట్టిరి. మత్తు పూర్తిగ దిగనిది ఒకతె "బిడ్డ యేడుస్తోంది, బిడ్డ యేడుస్తోంది" అని గొణుగుచుండెను. బిడ్డ బయట వేపచెట్టుక్రింద అమ్మమ్మ చేతిలో నిజముగనే ఏడ్చుచుండెను. భర్తలు అదే చెట్టుక్రింద బీడీలు త్రాగుచు ధాన్యము ధర మాటలాడుకొనుచుండిరి. మధ్యాహ్నము మూడు గంటలకు జీపు వారిని మరల ఎక్కించుకొని గతుకుల బాటను సాగిపోయెను. పురిటికైనచో నడికట్టు, కాయము, నెలకు తక్కువగాని పథ్యము ఉండును. ఈ కోతకు ఇంట ఎవరును పథ్యము పెట్టరు, ఎల్లుండి పొలమునకు రమ్మందురు.

ఈ దృశ్యము ఒక్కటే చూచి తీర్పు చెప్పరాదు. ఆ చాపలమీద పరుండిన స్త్రీల కూతుళ్లు ఉయ్యూరులోనో, గుడివాడలోనో ఇంటరు చదివి, ఇంజనీరింగు చదివి, విమానమెక్కిరి. ఐదుగురికి పంచవలసిన నెయ్యి ఇద్దరికి దక్కెను. పురిటిలో చనిపోవుట ఒకప్పుడు వానవలె సహజమైన సంగతి, 2018–20 లెక్కలలో లక్ష సజీవ జననములకు 45 కు దిగెను. బిడ్డలు తగ్గుట ఒక్కటే దీనికి కారణము కాదు, ఆసుపత్రి పురుళ్లు, రోడ్లు, 108 వాహనములు ఉన్నవి. కాని తొమ్మిదవ కాన్పు లేకపోవుటయే తొమ్మిదవ కాన్పున పోకుండుటకు సులభమైన మార్గము. 1992 నాటి జాతీయ ఆరోగ్య సర్వేలో రాష్ట్రమున స్త్రీకి సగటున 2.6 మంది సంతానము. 2005–06 నాటికి 1.8, 2019–21 నాటికి 1.7. కేరళమువలె అక్షరాస్యత యెత్తునకు ఎక్కకయే ఈ దిగుడును దిగిన రాష్ట్రమని పండితులు ఆశ్చర్యపడిరి. వారు గట్టును చూచియుండరు.

వెల చెల్లించినదెవరు? 2019–21 సర్వేలో రాష్ట్రపు వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతము ఆపరేషన్ చేయించుకొన్నవారు. మగవారు అర శాతమైనను లేరు. మాత్రలు, లూపు, నిరోధ్ కలిపినను ఒక శాతము ప్రాంతమే. అనగా మన సీమలో నియంత్రణ అను మాటకు ఎడము అను అర్థము లేదు. త్వరగ పెండ్లి, వెంటవెంట ఇద్దరు, ఇరువదినాలుగు నిండకముందే కోత, అంతటితో తెర. లాభము ఇంటికి, ఖర్చు ఇల్లాలి యొంటికి. గర్భసంచి తీయించుకొన్న స్త్రీల లెక్కలో కూడ, 2015–16 సర్వే ప్రకారము, దేశమున మన రాష్ట్రమే ముందు: సుమారు 9 శాతము. "పిల్లలు చాలుగదా, ఇంకా ఆ సంచి యెందుకు" అని ఊరి డాక్టరు అనగా తల యూపినవారిలో ముప్పదియైదు నిండనివారెందరో.

ఇక చట్టముల మాట త్వరగ చెప్పెదను. 1994 పంచాయతీరాజ్ చట్టము ఇద్దరికి మించి బిడ్డలున్నవారిని సర్పంచి పదవికి అనర్హులను చేసెను, అమలైన ఏడాది వరకు గడువు ఇచ్చి. మూడవ బిడ్డను కాగితముపై తమ్మునికి దత్తతనిచ్చి నామినేషను వేసిన మహానుభావులు బయలుదేరిరి. 1997 లో రాష్ట్రము తన సొంత జనాభా విధానమును ప్రకటించెను. దేశమున అట్లు చేసిన మొదటి రాష్ట్రమిదే. ఫలితము 2011 జనగణనలో తెలిసెను: దేశము పదేండ్లలో 17.6 శాతము పెరుగగా కృష్ణా జిల్లా 7.9, పశ్చిమగోదావరి 3.5 మాత్రమే. 1901 లో 24 వేలమంది గల బెజవాడ పది లక్షలు దాటినదనగా, పల్లెలు ఖాళీయై కాలేజీలకును ఆసుపత్రులకును తరలివచ్చుట గొప్ప కారణమేగాని, పురుళ్లవలన నిండినది కాదు. బిడ్డలను తక్కువ కన్నవారికి ఢిల్లీలో మాట తక్కువగునను భయమును అప్పటినుండి పెరుగుచున్నది. లోక్‌సభ స్థానములను 1971 లెక్కలకు కట్టియుంచిన ముడి 2026 తరువాతి జనగణనతో విడివడును. చెప్పిన మాట విన్నవానికి చివరి బంతిలో విస్తరి వేయుట వంటిది ఇది, అని ఒక మిత్రుడనెను, నేను కాదనలేకపోతిని.

2024 నవంబరులో, వెలగపూడి శాసనసభలో, ఆ ఇద్దరు బిడ్డల నిబంధనను రద్దుచేసిరి. ఇరువదియైదేండ్ల క్రిందట తక్కువ కనుమన్న ముఖ్యమంత్రియే ఎక్కువ కనుమనిరి. ఆ వార్త వచ్చిన సాయంకాలము నేను పటమటలో ఒక విశ్రాంత ఏ.ఎన్.ఎం. గారి యింట కాఫీ త్రాగుచుంటిని. ముప్పదియేండ్లు సంచి భుజమున వేసికొని కాలువగట్టుల వెంట తిరిగిన మనిషి. ఏ యింట ఎందరో, ఎవతెకు ఎన్నవ నెలయో, రిజిస్టరు చూడకుండ చెప్పగలదు. కొడుకు డల్లాసులోను, కూతురు బెంగుళూరులోను. పక్కవాటాలోని వృద్ధదంపతులకు మందులు తెచ్చిపెట్టునది కూడ ఆమెయే. టీవీలోని మాట విని గ్లాసు బల్లమీద పెట్టి నావైపు తిరిగెను.

"ఏమండీ, అప్పుడు వద్దని చెప్పడానికి ఒక్కొక్క గుమ్మం పదిసార్లు ఎక్కాను. మామ్మలు చీపురు తిరగేశారు. ఇప్పుడు కనమని చెప్పడానికి ఎవర్ని పంపుతారట?"

"మీకు పెన్షనేగా, మీరు వెళ్లనక్కరలేదు" అంటిని.

"వెళ్లినా ఎవరున్నారండీ చెప్పడానికి! మా వీధిలో కడుపుతో ఉన్నది ఒక్కతే. అదీ సూర్యారావుపేటలో మూడేళ్లు మందులు వాడితే." అని, కొంచెము సేపు ఊరకుండి, "ఏడో నెల" అనెను.

(సశేషము)